రెండో ఏడాది అంకెలు తగ్గితే యువ క్వార్టర్‌బ్యాక్ ఎదుగుదల ఆగిపోయినట్టేనా?

2025 సీజన్ మొదలయ్యే ముందు మీరు పంపిన ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు క్లుప్తంగా చెప్తాను. ఉద్యోగరీత్యా హ్యూస్టన్ వచ్చి రెండేళ్లయిందని, సహోద్యోగులతో కలిసి చూస్తూ చూస్తూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని టెక్సన్స్ జట్టుకు అభిమానిగా మారానని రాశారు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఎవరికి వేయాలో తేల్చే ఆటగాడు) సి.జె. స్ట్రౌడ్ 2023లో, తన తొలి సీజన్‌లోనే, అందరినీ ఆశ్చర్యపరిచాడు. 2024లో అతని అంకెలు తగ్గాయి. మీ ఆఫీసులో కొందరు అతని పని అయిపోయిందని అంటున్నారు, మరికొందరు ముందు నిలబడి కాపలా కాసే లైన్ కాపాడలేకపోతే అతనేం చేయగలడని వాదిస్తున్నారు. మామూలు ప్రేక్షకుడు ఒక యువ క్వార్టర్‌బ్యాక్ ఎదుగుతున్నాడో లేదో ఎలా తెలుసుకోవాలి, 2025 సీజన్‌లో ఏం చూడాలి అన్నది మీ ప్రశ్న. హైదరాబాదులో ఉండి ఈ ఆట చూస్తున్న మీ తమ్ముడికీ ఇదే సందేహమని రాశారు.

నేరుగా జవాబు చెప్పాలంటే, ఒకసారి తనను దెబ్బతీసిన ఎత్తుగడ మళ్లీ ఎదురైనప్పుడు అతను చేసే పని మారిందా లేదా అన్నది అన్నిటికంటే ముందు చూడండి. మారుతూ ఉంటే, అంకెలు తగ్గిన ఏడాదిలో కూడా ఎదుగుదల ఉన్నట్టే. మారకపోతే, ముప్పై టచ్‌డౌన్ పాస్‌లు (ఎదుటి జట్టు గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) వేసిన ఏడాదిలో కూడా లేనట్టే. గెలుపోటములు, పూర్తయిన పాస్‌ల శాతం, శాక్‌ల (బంతి వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) సంఖ్య, ఇవన్నీ పనికొచ్చేవే కాని, అవి పదకొండు మంది ఆటగాళ్లు, ఒక కోచ్, ఎదుటి జట్టు కలిసి చేసిన పనికి లెక్కలు. వాటిలో ఆ ఒక్క కుర్రవాడి వాటా ఎంతో విడదీయకుండా తీర్పు చెప్పడం వల్లనే అభిమానుల వాదనలు ఎప్పటికీ తెగవు.

నేను ఏ అనుభవంతో ఈ మాట చెప్తున్నానో కూడా చెప్పాలి. నేను 1998లో గుంటూరు నుంచి వచ్చి డాలస్ శివార్లలో స్థిరపడ్డాను. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో ఆడుతున్న రోజుల్లో మ్యాచ్‌లను వీడియో తీయడానికి తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకు రావాలని కోచ్ అడిగితే నేను ఒప్పుకున్నాను. అబ్బాయి చదువు ముగించుకుని వెళ్లిపోయాడు, నేను మాత్రం ఆ పని వదల్లేదు. పదకొండు సీజన్లుగా శుక్రవారం రాత్రి స్టేడియం పై అంతస్తులో కెమెరా పట్టుకోవడం, శనివారం తెల్లవారుజామున ఆ వీడియోను హడల్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి ఒక్కొక్క ప్లేగా విడగొట్టి, అది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ పక్కన ఉంది, ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారు, చివరికి ఏమైంది అన్నది గళ్లలో నింపడం నా పని. ఈ పదకొండేళ్లలో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పదిహేనేళ్ల పిల్లలుగా వచ్చి పద్దెనిమిదేళ్ల యువకులుగా వెళ్లడం ఒక్కొక్క ప్లే చొప్పున చూశాను. ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయి వేరే లోకమన్నది నిజమే. అయినా, నేర్చుకునే తీరు రెండుచోట్లా ఒకటే.

ఆ అయిదుగురిలో ఒకడి సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. ఆ అబ్బాయికి అప్పుడు పదిహేనేళ్లు, పెద్ద జట్టులో అది రెండో మ్యాచ్. మూడో డౌన్, ఆరు గజాలు కావాలి. ఎదుటి జట్టు సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాళ్లు) ఇద్దరూ వెనక్కి దూరంగా నిలబడ్డారు. మధ్యలో ఖాళీ కనబడింది కాబట్టి, కుడివైపు నుంచి లోపలికి ఏటవాలుగా పరుగెత్తే రిసీవర్‌కు (పాస్ పట్టుకునే ఆటగాడికి) బంతి వేయాలని అబ్బాయి స్నాప్‌కు (ప్లే మొదలవుతూ బంతి తన చేతికి రావడానికి) ముందే నిశ్చయించుకున్నాడు. స్నాప్ జరిగిన క్షణమే ఆ ఇద్దరిలో ఒక సేఫ్టీ మధ్యలోకి దిగివచ్చి, తన కోసమే వేసినట్టుగా వచ్చిన ఆ బంతిని పట్టుకుపోయాడు. మర్నాడు ఉదయం కోచ్ ఆ వీడియోను స్నాప్‌కు అరసెకను ముందు ఆపి అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగాడు: “ఆ సేఫ్టీ ఎక్కడ నిలబడ్డాడు?” అబ్బాయి చాలాసేపు తెర వంక చూశాడు. ఒక సేఫ్టీ రెండో అతనికంటే రెండు గజాలు ముందున్నాడు, అతని ఎడమ పాదం అప్పటికే ముందుకు పడి ఉంది, బరువంతా ఆ పాదం మీదే ఉంది. “వాడు వెనక్కి పోయేవాడు కాదు” అని అబ్బాయే మెల్లగా అన్నాడు.

అయిదు వారాల తరువాత మరో ఊరి జట్టుతో మ్యాచ్. మూడో డౌన్, ఏడు గజాలు. ఇద్దరు సేఫ్టీలు అదే తీరుగా నిలబడ్డారు, అదే రిసీవర్ అదే దారిలో పరుగెత్తాడు. అబ్బాయి అటు చూశాడు, భుజం కదిలింది, చెయ్యి లేచింది, మళ్లీ ఆగిపోయింది. బంతిని వెనక్కి తీసుకుని ఎడమవైపు తిరిగి, పక్కనుంచి బయటికి వచ్చిన రన్నింగ్‌బ్యాక్‌కు చిన్న పాస్ ఇచ్చాడు. నాలుగు గజాలే వచ్చాయి కాబట్టి పంట్ చేయవలసి (బంతిని తన్ని ఎదుటి జట్టుకు వదులుకోవలసి) వచ్చింది. గ్యాలరీ అంతా నిట్టూర్చింది, నా ముందు వరుసలో ఒక తండ్రి “వీడికి ధైర్యం చాలడం లేదు” అన్నాడు. మర్నాడు కోచ్ మార్కుల కాగితంలో ఆ ప్లే ఎదురుగా ప్లస్ గుర్తు ఉంది. ఆ పై వారం మూడోసారి అదే అమరిక ఎదురైనప్పుడు, సేఫ్టీ ముందుకు దిగగానే అతను వదిలేసిన చోటికి, అంటే అతని వెనక ఉన్న ఖాళీలోకి, అబ్బాయి బంతి వేశాడు. ముప్పై ఒక్క గజాలు. అప్పుడు గ్యాలరీ లేచి నిలబడింది.

ఎదుగుదల ఈ మూడు మెట్ల మీదుగానే వస్తుంది: మొదట తప్పు చేయడం, తరువాత ఆ తప్పు చేయకుండా ఆగడం, ఆ తరువాత సరైన పని చేయడం. అభిమానులు మొదటి మెట్టును, మూడో మెట్టును సులభంగా గుర్తుపడతారు. రెండో మెట్టు మాత్రం గ్యాలరీకి పిరికితనంలాగా, అంకెల్లో తగ్గుదలలాగా కనిపిస్తుంది. నిజానికి కష్టమైన మెట్టు అదే. చెయ్యి లేచిన తరువాత ఆగడం నేర్చుకున్న కుర్రవాడిని ‘వెనక్కి పోతున్నాడు’ అని కొట్టిపారేయడం, నా దృష్టిలో, ఈ ఆటను చూసేవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండో సీజన్ ప్రత్యేకంగా చిక్కుగా ఉండటానికీ కారణం ఇదే. డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికైన నాటికే ఆ కుర్రవాడి చేతి బలం, పరుగు దాదాపు పూర్తిగా వచ్చేసి ఉంటాయి. అక్కడినుంచి పెరగవలసింది గుర్తుపట్టే శక్తి. మొదటి ఏడాది ప్రత్యర్థుల దగ్గర అతని గురించి కాలేజీ వీడియోలు తప్ప మరేమీ ఉండవు. రెండో ఏడాదికి పదిహేను, పదిహేడు మ్యాచ్‌ల వీడియో ప్రతి డిఫెన్స్ కోచ్ బల్ల మీద ఉంటుంది. మన క్రికెట్‌లో కొత్త బ్యాటర్ ఒక సీజన్ చెలరేగిన తరువాత, అతనికి షార్ట్ బంతి ఇబ్బందని తెలిసిపోయి బౌలర్లందరూ అదే వేయడం మొదలుపెట్టినప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఇదీ అంతే.

ఇక స్ట్రౌడ్ అంకెల దగ్గరికి వద్దాం. 2023లో అతను 15 మ్యాచ్‌లు ఆడి 499 పాస్‌లు వేసి 319 పూర్తి చేశాడు. 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టుకుపోయిన పాస్‌లు). 2024లో 17 మ్యాచ్‌లు ఆడి 532 పాస్‌లలో 336 పూర్తి చేశాడు. 3,727 గజాలు, 20 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. మీ ఆఫీసులో వాదించుకునేవాళ్లు ఈ మొత్తాలనే పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. వాటిని భాగించి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. పూర్తయిన పాస్‌ల శాతం 63.9 నుంచి 63.2కు మాత్రమే తగ్గింది, అంటే గురి చెదిరిపోలేదు. పడిపోయింది ఒక్కో పాస్‌కు వచ్చిన గజాల సగటు: 8.2 నుంచి 7.0కు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘ఇతను పాడైపోయాడా?’ అన్నది కాదు, ‘దూరం వేసే పాస్‌లు ఎందుకు తగ్గాయి?’ అన్నది.

దానికి జవాబులో కొంత అతని చేతిలో లేదు. స్టెఫాన్ డిగ్స్ మోకాలు అక్టోబరు చివర్లో దెబ్బతిని సీజన్ ముగిసింది. నీకో కాలిన్స్ తొడ కండరం పట్టేసి అయిదు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ట్యాంక్ డెల్ డిసెంబరులో కాన్సస్ సిటీలో తీవ్రంగా గాయపడ్డాడు. ముగ్గురు ప్రధాన రిసీవర్లు ఒకరి తరువాత ఒకరు లేకుండా పోతే దూరం పాస్‌లు ఎవరికి వేయాలి? మరికొంత మాత్రం అతనిదే. ఒత్తిడి వచ్చినప్పుడు వెనక కాలి మీదికి ఒరిగిపోయి బంతిని వదలడం 2024లో ఎక్కువైందని నేను వీడియోలో గమనించాను. ఒరిగిపోయి వేసిన బంతి రిసీవర్‌కు ఒక అడుగు ఎత్తుగానో, ఒక అడుగు ముందే పడుతూనో చేరుతుంది.

ఇంటర్‌సెప్షన్ల గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. అయిదు వందల పాస్‌లలో 5 అంటే నూటికి ఒకటి. అంత తక్కువగా ఏళ్ల తరబడి నిలబెట్టుకునేవాళ్లు చాలా అరుదు. ప్రతి సీజన్‌లోనూ డిఫెండర్ చేతిలో పడి జారిపోయిన బంతులు కొన్ని, సొంత రిసీవర్ చేతికి తగిలి పైకెగిరి ఎదుటివాడికి చిక్కినవి కొన్ని ఉంటాయి. మొదటి ఏడాది అదృష్టం అతని వైపుంటే రెండో ఏడాది ఆ లెక్క సరిపోతుంది. అందువల్ల ఇంటర్‌సెప్షన్లను లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్కదాన్ని వెనక్కి తిప్పి, అది తప్పుగా గుర్తుపట్టినందువల్ల వచ్చిందా, చేతి తప్పా, లేక బంతి ఎగిరిపడటమా అని మూడు రకాలుగా విడదీయండి. మొదటి రకం మళ్లీ మళ్లీ అదే ఎత్తుగడ మీద వస్తుంటేనే ఆందోళన పడాలి.

టీవీలో తరచూ చూపించే పాసర్ రేటింగ్ అన్న అంకె, దాని గరిష్ఠం 158.3, శాక్‌లను అసలు లెక్కలోకి తీసుకోదు. బంతిని పట్టుకుని నిలబడిపోయి పది గజాలు పోగొట్టుకున్న క్వార్టర్‌బ్యాక్‌కు అందులో శిక్షే లేదు. ఒక్క అంకెనే చూడాలనుకుంటే నేను వాడేది వేరు: పాస్‌లతో వచ్చిన గజాలకు ఒక్కో టచ్‌డౌన్‌కు 20 చొప్పున కలిపి, ఒక్కో ఇంటర్‌సెప్షన్‌కు 45 చొప్పున తీసేసి, శాక్‌లలో పోయిన గజాలనూ తీసేసి, వచ్చినదాన్ని పాస్‌లు, శాక్‌ల మొత్తంతో భాగించాలి. కాగితం మీద రెండు నిమిషాల పని.

శాక్‌ల విషయంలోనే మీ ఆఫీసులో రెండు వర్గాలూ చెరిసగం నిజం చెప్తున్నాయి. స్ట్రౌడ్ 2023లో 38 సార్లు, 2024లో 52 సార్లు శాక్ అయ్యాడు. లైన్ బలహీనపడిన మాట నిజం. అయితే శాక్ అన్నది ఎప్పుడూ లైన్ ఒక్కదాని తప్పు కాదు. జట్టు మారినా, లైన్ మారినా శాక్‌ల అలవాటు క్వార్టర్‌బ్యాక్ వెంటే వెళ్లడం గణాంకాలు పరిశీలించేవాళ్లు చాలాకాలంగా గమనిస్తున్న విషయం. తేల్చుకోవడానికి సులభమైన పద్ధతి ఒకటుంది. స్నాప్ కాగానే మనసులో మామూలు వేగంతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. ఈ స్థాయిలో బంతి సగటున రెండున్నర నుంచి మూడు సెకన్ల లోపు చేతిలోంచి వెళ్లిపోవాలి. మీరు ‘రెండు’ అనకముందే ఎదుటివాడు మీద పడితే అది లైన్ ఖాతా. మీరు ‘మూడు’ దాటి ‘నాలుగు’ అన్న తరువాత పడితే చాలావరకు క్వార్టర్‌బ్యాక్ ఖాతా. ఒక మ్యాచ్ మొత్తం ఇలా లెక్కపెట్టి చూడండి, మీ అభిప్రాయం ఎటో ఒకవైపు తప్పక జరుగుతుంది.

మీ ఊరి పాత అభిమానులకు శాక్‌ల మాట ఎత్తగానే డేవిడ్ కార్ గుర్తుకొస్తాడు. టెక్సన్స్ జట్టు పుట్టిన ఏడాది 2002లో, డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికగా వచ్చిన అతను ఆ ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ అయ్యాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. 2005లో మళ్లీ 68 సార్లు. అంతగా దెబ్బలు తిన్న కుర్రవాడు నేర్చుకోకూడనివి నేర్చుకుంటాడు: రిసీవర్ల వైపు ఉండవలసిన కళ్లు తన మీదికి దూకేవాళ్ల మీదికి దిగుతాయి, కాలు నిలవదు, ఒక రిసీవర్‌ను చూసి రెండో రిసీవర్‌ను చూడకముందే పరుగు మొదలవుతుంది. ఆ అలవాట్లు స్థిరపడిన తరువాత మంచి లైన్ తెచ్చిపెట్టినా పోవడం కష్టం. అందుకే, శాక్‌ల సంఖ్యకంటే శాక్‌ల తరువాత వచ్చే ప్లేలో అతని కాళ్లు ఎలా ఉన్నాయన్నది నేను ఎక్కువ శ్రద్ధగా చూస్తాను.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 2018లో బఫలో బిల్స్ జట్టు జాష్ అలెన్‌ను ఏడో ఎంపికగా తీసుకుంది. తొలి ఏడాది అతని పాస్‌ల శాతం 52.8, టచ్‌డౌన్లు 10, ఇంటర్‌సెప్షన్లు 12. గురి అన్నది పుట్టుకతో రావాలి గాని నేర్పితే వచ్చేది కాదని నేను స్నేహితులతో గట్టిగా వాదించాను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతను ఆ వాదనలో నేనే వాడాను. 2019లో శాతం 58.8 అయింది, అప్పటికీ అది సగటుకు తక్కువే కాబట్టి నేను మాట మార్చుకోలేదు. 2020లో 69.2 శాతం, 37 టచ్‌డౌన్లు. 2024 సీజన్‌కు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం కూడా అతనికే వచ్చింది.

నేను చూడకుండా వదిలేసింది రెండో మెట్టును. 2018లో 320 పాస్‌లకు 12 ఇంటర్‌సెప్షన్లు ఉన్నవాడికి 2019లో 461 పాస్‌లకు 9 మాత్రమే ఉన్నాయి. అంటే శాతం ఇంకా పెరగకముందే, వేయకూడని బంతులు వేయడం మానేశాడు. ఆ ఏడాదే అందరికీ కనబడవలసిన సంకేతం అది, నేను శాతం వైపే చూస్తూ కూర్చున్నాను. దానితోపాటు, అతనికి ఆ మూడేళ్లూ ఒకే ఆఫెన్స్ కోచ్ బ్రయన్ డాబోల్ ఉండటం, 2020 మార్చిలో డిగ్స్ లాంటి రిసీవర్ ఆ జట్టులోకి రావడం, పాదాల కదలిక మీదా చెయ్యి తిరిగే తీరు మీదా సీజన్ల మధ్య నెలల తరబడి పనిచేయడం, ఇవన్నీ కలిశాయి. ఆ రోజుల్లో నా వాదన విని అలెన్ మీద ఆశ వదులుకున్న మిత్రుడొకరున్నారు. ఆయనకు ఆ తరువాత ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకున్నాను.

చుట్టూ ఉన్న పరిస్థితులు స్థిరంగా లేనప్పుడు ఎదుగుదలను కొలవడం దాదాపు అసాధ్యం. జారెడ్ గాఫ్ 2016లో మొదటి ఎంపికగా వచ్చి తను ఆరంభించిన (మొదటి ప్లే నుంచి ఆడిన) ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. మరుసటి ఏడాది కోచ్‌గా షాన్ మెక్‌వే రాగానే అదే కుర్రవాడు ఆరంభించిన 15 మ్యాచ్‌లలో 11 గెలిచాడు. షికాగోలో 2024లో కేలెబ్ విలియమ్స్ 68 సార్లు శాక్ అయ్యాడు. అదే సీజన్‌లో నవంబరులో ఆఫెన్స్ కోచ్‌ను తీసేశారు, థ్యాంక్స్‌గివింగ్ మ్యాచ్ తరువాత ముఖ్య కోచ్‌ను కూడా తీసేశారు. ఆరు నెలల్లో ముగ్గురు గురువుల మాట వినవలసి వచ్చిన విద్యార్థి పరీక్ష తప్పితే అతనికి చదువు రాదని మనం అనం కదా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2012లో వాషింగ్టన్‌కు వచ్చిన రాబర్ట్ గ్రిఫిన్ తొలి ఏడాదే 20 టచ్‌డౌన్ పాస్‌లు, 5 ఇంటర్‌సెప్షన్లే, పరుగులో 815 గజాలు సాధించాడు. అతని వేగాన్ని చూసి డిఫెన్స్ ముందుకు తూలేలా తెలివిగా అమర్చిన ప్లేలవి. ఒకటి చూసి వేస్తే సరిపోయే పాస్‌లు చాలా ఉండేవి. 2013 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. ఆ తరువాత పరుగు తగ్గిన గ్రిఫిన్ పాకెట్‌లో (లైన్ కాపలా కాసే చోట) నిలబడి రెండో, మూడో రిసీవర్లను చూడవలసి వచ్చినప్పుడు ఆ పని అంతవరకు పెద్దగా చేయవలసి రాలేదన్నది బయటపడింది. తొలి ఏడాది తళుకు చూసినప్పుడు నేను ఇప్పుడు ముందుగా వేసుకునే ప్రశ్న ఇది: ఈ గజాల్లో ఎన్ని అతను తేల్చుకుని సంపాదించినవి, ఎన్ని కోచ్ అమర్చిపెట్టినవి? స్ట్రౌడ్ 2023 నవంబరులో టాంపా బే మీద 470 గజాలు, 5 టచ్‌డౌన్లు సాధించి, చివరి నిమిషంలో మైదానమంతా దాటించి 39–37తో గెలిపించిన మ్యాచ్‌ను నేను మూడుసార్లు చూశాను. ఆ చివరి పాస్‌లు అమర్చిపెట్టినవి కావు. అందుకే అతని విషయంలో గ్రిఫిన్ పోలికను నేను ఒప్పుకోను.

గెలుపోటముల మాట తొందరగా ముగిస్తాను. ట్రాయ్ ఐక్‌మన్ 1989లో ఆరంభించిన 11 మ్యాచ్‌లూ ఓడాడు. పేటన్ మ్యానింగ్ 1998లో 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, జట్టు 3 గెలిచి 13 ఓడింది. మరుసటి ఏడాది 13 గెలిచి 3 ఓడింది. వీళ్లను తొలి ఏడాది పట్టికను బట్టి తీర్పు చెప్పినవాళ్లు ఎంత పొరబడ్డారో చరిత్రలో ఉంది. అలాగని ఓడిన ప్రతి కుర్రవాడూ మ్యానింగ్ అవుతాడని ఆశపడటమూ సరికాదు. పట్టిక రెండువైపులా ఏమీ చెప్పదనే నా మాట.

మీరు ఇంట్లో కూర్చుని చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది కాళ్లు. టీవీ కెమెరా రిసీవర్లను సరిగా చూపించదు కాని క్వార్టర్‌బ్యాక్ కాళ్లను బాగా చూపిస్తుంది. మొదటి రిసీవర్ మూసుకుపోయినప్పుడు అతని పాదాలు రెండో రిసీవర్ వైపు తిరుగుతున్నాయా, లేక నడుము పైభాగం మాత్రమే తిరుగుతోందా చూడండి. కళ్లు, కాళ్లు కలిసి తిరుగుతున్నాయంటే అతను వరుసగా చూసుకుంటూ వస్తున్నట్టు. పాదాలు ఒకచోట గంతులు వేస్తున్నాయంటే ఏమి చూస్తున్నాడో అతనికే తెలియడం లేదన్నమాట.

రెండోది స్నాప్‌కు ముందు పది సెకన్లు. చాలామంది ఆ సమయంలో ఫోను చూసుకుంటారు. తొలి ఏడాదిలో లైన్ ఎవరిని అడ్డుకోవాలో చాలాచోట్ల లైన్ మధ్యలో ఉండే సెంటరే వేలు చూపించి చెప్తుంటాడు. కాలం గడిచేకొద్దీ ఆ పని క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. బ్లిట్జ్ (లైన్ వెనకనుంచి అదనంగా మీదికి దూకే దాడి) వచ్చేవాడిని ముందే వేలెత్తి చూపించి, లైన్‌ను అటు జరిపి, ఆ వచ్చినవాడు వదిలేసిన చోటికే బంతి వేస్తే, గజాలు మూడే వచ్చినా ఆ ప్లేకు మీరు మనసులో ప్లస్ గుర్తు పెట్టుకోండి. మైదానమంతా కనిపించే వీడియో కావాలంటే అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం చందాతో మ్యాచ్ అయిన తరువాత దొరుకుతుంది. నెలకు ఒక మ్యాచ్ అలా చూసినా చాలు.

బెంచ్ మీద కూర్చున్నప్పుడు అతని ముఖం ఎలా ఉంది, విలేకరులతో ఎలా మాట్లాడాడు అన్నవాటిని బట్టి నాయకత్వ లక్షణాలు తేల్చడం నాకు నచ్చదు. మా పిల్లల్లో అందరికంటే ఎక్కువ నేర్చుకున్నవాడు ఇంటర్‌సెప్షన్ వేసిన ప్రతిసారీ తల టవల్‌లో దాచుకునేవాడు.

మీ తమ్ముడికి ఒక్క మాట. తూర్పు తీరంలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే మ్యాచ్ హైదరాబాదులో రాత్రి పదిన్నరకు, నవంబరు మొదటి వారం నుంచి పదకొండున్నరకు వస్తుంది. సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లు పొద్దున లేచి పది నిమిషాల హైలైట్స్ చూసి ఊరుకుంటారు. హైలైట్స్‌లో ఉండేవి మొదటి మెట్టు, మూడో మెట్టు మాత్రమే. ఆగిన చెయ్యి, నాలుగు గజాల పాస్ అందులో కనబడవు. దానికి బదులు మూడో క్వార్టర్ ఒక్కటి పూర్తిగా చూడమనండి. విరామంలో రెండు జట్లూ ఎత్తుగడలు మార్చుకుని వస్తాయి. మొదటి సగంలో తనను ఇబ్బందిపెట్టినదానికి కుర్రవాడు ఏ జవాబు తెచ్చుకున్నాడో ఆ పదిహేను నిమిషాల ఆటలోనే తెలుస్తుంది.

ఎంతకాలం ఓపిక పట్టాలన్నది చివరి సందేహం. మొదటి రౌండ్ ఆటగాడి ఒప్పందం నాలుగేళ్లది. అయిదో ఏడాది కావాలా వద్దా అన్నది మూడో సీజన్ ముగిశాక వచ్చే మే నెల మొదట్లో జట్టు తేల్చుకోవాలి. డబ్బు పెట్టేవాళ్లే మూడు సీజన్లు చూసి నిర్ణయిస్తున్నప్పుడు మనం ఒకటిన్నర సీజన్‌కే తీర్పు ఇవ్వవలసిన అవసరం లేదు. పాట్రిక్ మహోమ్స్ ఒక ఏడాది, జోర్డన్ లవ్ మూడేళ్లు చాలావరకు పక్కన కూర్చుని నేర్చుకున్న తరువాతే తమ జట్ల ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌లు అయ్యారు; వాళ్ల రెండో మెట్టు చాలావరకు మన కళ్లకు కనబడకుండా ప్రాక్టీసులోనే గడిచింది. స్ట్రౌడ్ లాంటివాళ్లు ఆ మెట్టును మన ముందే ఎక్కవలసి వస్తోంది.

స్ట్రౌడ్ గురించి నా అభిప్రాయం అడిగితే, గుర్తుపట్టే విషయంలో అతను రెండో మెట్టు మీద ఉన్నాడు, ఒత్తిడిలో కాళ్ల విషయంలో మాత్రం మొదటి మెట్టుకు జారాడు. 2025లో అతని మూడో సీజన్‌కు ఆఫెన్స్ కోచ్‌గా నిక్ కేలీ కొత్తగా వచ్చాడు, ఎడమవైపు కాపలా కాసే లారెమీ టన్సిల్‌ను మార్చిలో వాషింగ్టన్‌కు ఇచ్చేశారు. కాబట్టి కొత్త ప్లేల భాష, కొత్త లైన్ అలవాటయ్యేదాకా, అంటే మొదటి నాలుగైదు మ్యాచ్‌లు, ఏ తీర్పూ ఇవ్వకండి. ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, మూడో డౌన్‌లో ఏడు గజాలు లేదా అంతకంటే ఎక్కువ కావలసిన ప్లేలను మాత్రమే రాయండి. ఒక్కోదానికి నాలుగు గళ్లు చాలు: సేఫ్టీలు ఎక్కడ నిలబడ్డారు, ఎంతమంది మీదికి వచ్చారు, మీ లెక్కలో ఎన్ని సెకన్లకు బంతి వదిలాడు, వెనక కాలి మీదికి ఒరిగాడా లేదా. మ్యాచ్‌కు అలాంటివి ఆరో ఏడో ఉంటాయి. అక్టోబరు చివరికి మీ దగ్గర యాభై దాకా పోగవుతాయి. అప్పుడు మొదటి పది, చివరి పది పక్కపక్కన పెట్టి చూడండి.